ఏప్రిల్ 14 మన దినం కూడా

(అంబేడ్కర్ జయంతి నాడు శ్రీరాంపూర్‌లో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ రోజు సెలవు. బ్యాంకు మూసి ఉంది. తహసీల్దారు కార్యాలయం మూసి ఉంది. బడికి గంట కొట్టలేదు. అయితే మన ఇళ్లలో ఈ సెలవుకు ఏ అర్థం ఉన్నదో ఒకసారి నిజాయితీగా ఆలోచించుకుందాం. మనలో చాలామందికి ఇది బంధువుల ఇంటికి వెళ్లే రోజు, ఆగిపోయిన ఇంటిపని పూర్తి చేసుకునే రోజు. వీధి చివర నీలిజెండా ఊరేగింపు వెళ్తుంటే గుమ్మంలో నిలబడి చూస్తాం. పిల్లవాడు ఏమిటని అడిగితే, 'అది వాళ్ల పండుగ' అని చెప్పి లోపలికి పోతాం. ఆ మాట గురించే నేను ఈ సాయంత్రం మాట్లాడదలచాను. ఏప్రిల్ 14 'వాళ్లది' మాత్రమేనా? మనది కూడా అయితే, ఆ రోజు మనం చేయవలసినదేమిటి?

ముందుగా సెలవు సంగతి. మన దేశంలో ప్రభుత్వ సెలవు దినాన్ని ఏ చట్టం కింద ప్రకటిస్తారో తెలిస్తే కొందరికి ఆశ్చర్యం కలుగుతుంది. చెక్కులకూ ప్రామిసరీ నోట్లకూ సంబంధించిన 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం, 25వ సెక్షను. బాకీ గడువు సెలవునాడు పడితే ఏం చేయాలన్నది ఆ సెక్షను తేల్చే విషయం. అంటే చట్టం దృష్టిలో సెలవు అనేది లావాదేవీలు ఆగే రోజు, అంతే. ప్రభుత్వం ఒక ఉత్తర్వుతో తలుపులు మూయగలదు. కాని ఆ మూసిన రోజుకు అర్థం ఇవ్వడం ప్రభుత్వం చేతిలో లేదు. అది ప్రజల పని.

ప్రజలు ఆ పనిని ప్రభుత్వం కంటే ఎంతో ముందుగానే మొదలుపెట్టారు. అంబేడ్కర్ జన్మదినాన్ని మొదటిసారి బహిరంగంగా జరిపింది 1928లో, పుణెలో. అప్పటికి ఆయన మంత్రి కాదు, రాజ్యాంగ నిర్మాత కాదు. మహద్ చెరువు నీళ్లు తాగే హక్కు కోసం 1927 మార్చిలో తన ప్రజలతో నడిచిన ఒక యువ న్యాయవాది మాత్రమే. అప్పటి నుండి ప్రతి ఏటా కూలి డబ్బులో నుండి చందాలు వేసుకొని పేదలు ఆ దినాన్ని నిలబెట్టారు. ఆయనకు భారతరత్న ఇచ్చింది 1990లో. పార్లమెంటు సెంట్రల్ హాలులో ఆయన చిత్రపటం పెట్టింది కూడా ఆ ఏడాది ఏప్రిల్‌లోనే. అంటే ప్రజల గౌరవానికీ రాజ్య గౌరవానికీ మధ్య 62 సంవత్సరాల దూరం ఉంది. ఆ దూరాన్ని నడిచినవారు ఎవరి దయ కోసమూ కాచుకోలేదు.

ఇటువంటి నడక మరొక దేశంలోనూ జరిగింది. డాక్టర్ మార్టిన్ లూథర్ కింగ్ 1968 ఏప్రిల్ 4న మెంఫిస్ నగరంలో హతుడయ్యారు. ఆయన అక్కడికి వెళ్లింది సమ్మె చేస్తున్న పారిశుద్ధ్య కార్మికులకు తోడుగా నిలబడడానికి. హత్య జరిగిన నాలుగు రోజులకే ఆయన జన్మదినాన్ని జాతీయ సెలవు చేయాలని జాన్ కాన్యర్స్ అనే సభ్యుడు అమెరికా కాంగ్రెస్‌లో బిల్లు పెట్టారు. అది చట్టం కావడానికి పదిహేనేళ్లు పట్టింది. 1979లో కావలసిన మెజారిటీకి ఐదు ఓట్లు తక్కువై వీగిపోయింది. కార్మిక సంఘాలు ఆ సెలవును తమ ఒప్పందాలలో చేర్చాలని పట్టుబట్టాయి. దాదాపు 60 లక్షల సంతకాలు సేకరించారు. చివరికి 1983 నవంబరు 2న చట్టమై, 1986 జనవరిలో తొలిసారి అమలైంది. దేశంలోని అన్ని రాష్ట్రాలూ దానిని పాటించడానికి 2000 సంవత్సరం వచ్చింది. ఆ తరువాత కూడా వారికి ఒక సందేహం మిగిలింది. ఇంతా చేసి సాధించిన రోజు దుకాణాల తగ్గింపు ధరల రోజుగా మిగిలిపోతుందేమోనని. అందుకే 1994లో మరొక చట్టం చేసి, దానిని సమాజసేవ దినంగా కూడా ప్రకటించుకున్నారు. సాధించిన సెలవును కాపాడుకోవడం వేరే పని అని వారు గ్రహించారు.

ఇక మన సంగతికి వద్దాం. అంబేడ్కర్‌తో ముస్లింలకు ఏమి సంబంధం అని అడిగేవారికి నేను మూడు విషయాలు చెబుతాను.

మొదటిది ఈ బొగ్గుకు సంబంధించినది. 1942 నుండి 1946 వరకు ఆయన వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక వ్యవహారాల సభ్యుడు. 1943 డిసెంబరులో ధన్‌బాద్ ప్రాంతానికి వెళ్లి స్వయంగా గనిలోకి దిగి, పని ఎలా జరుగుతుందో చూశారు. కార్మికుల ఇళ్లు చూశారు. ఆ వెంటనే 1944లో బొగ్గుగని కార్మికుల సంక్షేమ నిధికి ఆర్డినెన్సు వచ్చింది. గనినుండి బయటికి వెళ్లే బొగ్గుపై సుంకం వేసి, ఆ సొమ్మును కార్మికుల ఇళ్లకూ, తాగునీటికీ, వైద్యానికీ ఖర్చు చేయాలన్నది దాని సారాంశం. మన ప్రాంతం అప్పుడు నిజాం ఏలుబడిలో ఉంది కనుక ఆ చట్టాలు నేరుగా ఇక్కడికి రాలేదు. విలీనం తరువాత భారత గని చట్టాలు మనకూ వర్తించాయి. బొగ్గు తవ్వేవాడికి క్వార్టరూ, ఆసుపత్రీ యజమాని దానం కాదు, హక్కు అన్న ఆలోచన ఆ దారిలోనే వచ్చింది. గని లోపల నల్లబడిన ముఖానికి మతం కనిపించదు. శ్రీరాంపూర్ గనులలో దిగే షేక్‌కూ, మాదిగ సోదరునికీ తలపై వెలిగే దీపం ఒక్కటే, పైకప్పు కూలుతుందన్న భయమూ ఒక్కటే.

రెండవది మన పిల్లల చదువుకు సంబంధించినది. రాజ్యాంగంలోని 16(4) అధికరణ, వెనుకబడిన తరగతుల పౌరులకు ఉద్యోగాలలో రిజర్వేషన్లు కల్పించవచ్చునంటుంది. 1948 నవంబరు 30న రాజ్యాంగ సభలో ఆ 'వెనుకబడిన' అన్న మాటను తీసివేయాలా, ఉంచాలా అన్న చర్చకు సమాధానం చెప్పి నిలబెట్టింది అంబేడ్కర్. ఆ అధికరణలో మతం పేరు లేదు. 1951లో ఆయన న్యాయశాఖ మంత్రిగా ఉన్నప్పుడు వచ్చిన మొదటి సవరణతో చేరిన 15(4), విద్యాసంస్థలకు కూడా అదే తలుపు తెరిచింది. ఆ తలుపుగుండానే దూదేకుల వారు బి.సి.-బి జాబితాలోకీ, మెహతర్లు బి.సి.-ఏ జాబితాలోకీ వచ్చారు. ఆ తలుపుగుండానే 2007 చట్టం ద్వారా ధోబీ ముస్లింలు, హజాములు, ఖురేషీలు, ఫకీర్లు, అత్తరు సాయిబులు, తురక కాశలు, షేక్‌లు మొదలైన 14 సమూహాలకు బి.సి.-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. అంతకు ముందు వెనుకబాటు అధ్యయనం సరిగా లేదన్న కారణం చూపి, ముస్లింలకు 5 శాతం కేటాయింపును హైకోర్టు కొట్టివేసింది. మతం కాదు, వెనుకబాటుతనమే ఆధారమని లెక్కలతో చూపిన తరువాతనే ఈ 4 శాతం నిలదొక్కుకుంది. అదీ హైకోర్టులో మళ్లీ దెబ్బతిని, 2010 మార్చి 25న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు నీడలో బతుకుతున్నది. మన ఇంట్లో ఇంజనీరో, డాక్టరో, టీచరో ఉంటే ఆ సీటు వెనుక ఈ వాక్యం ఉంది. ఆ వాక్యం వెనుక ఈ మనిషి ఉన్నాడు.

మూడవది మన స్మృతికి సంబంధించినది. 1927 డిసెంబరులో మహద్‌లో రెండవ సభ జరపడానికి అగ్రకులాలవారు స్థలం ఇవ్వనివ్వలేదు. అప్పుడు తన భూమిని ఇచ్చినవాడు ఫత్తే ఖాన్ అనే ముస్లిం. మనుస్మృతిని దహించిన సభ జరిగింది ఆ నేలమీదనే. 1953 జనవరి 12న అంబేడ్కర్‌కు గౌరవ డాక్టరేటు ఇచ్చింది మన ఉస్మానియా విశ్వవిద్యాలయం. కనుక ఇది ఇవాళ కొత్తగా కలుపుకుంటున్న చుట్టరికం కాదు. మధ్యలో మనం మరిచిపోయిన చుట్టరికం.

ఇప్పుడు మీ మనసులో ఉన్న అభ్యంతరాలను నేను దాటవేయను. ఈ సభకు పిలవడానికి వెళ్లినప్పుడు పెద్దలు కొందరు నాతో రెండు మాటలన్నారు.

ఒకటి, 'ఆయన మన గురించి కఠినంగా రాశాడు కదా' అని. నిజమే. పాకిస్తాన్ డిమాండుపై 1940లో వెలువడిన ఆయన గ్రంథంలో ముస్లిం సమాజం గురించి కటువైన వాక్యాలున్నాయి. కొన్ని అన్యాయమని కూడా నేను భావిస్తాను. ఈనాడు మనల్ని ద్వేషించేవారు ఆ పుటలనే ఏరి చూపుతారు. అయితే వారు చూపని విషయం ఒకటుంది. తన జీవితంలో ఎక్కువ కటువైన మాటలు ఆయన రాసింది ఏ సమాజం గురించి? తాను పుట్టిన వ్యవస్థ గురించే. ముస్లింలలో కూడా అష్రాఫ్, అజ్లాఫ్, అర్జాల్ అన్న తారతమ్యాలున్నాయని ఆయన ఎత్తిచూపారు. ఆ అద్దంలో మన ముఖం కనిపించడం లేదని గుండెమీద చేయి వేసుకొని చెప్పగలమా? పెళ్లి సంబంధం దగ్గర మనం అడిగే ప్రశ్నలేమిటి? మెహతర్ ఇంటికీ, ఫకీరు ఇంటికీ మనలో ఎందరు పిల్లనిస్తారు? నమాజులో ఒకే వరుసలో నిలబడి, బయటికి వచ్చాక వేర్వేరు వరుసలలోకి వెళ్లిపోతే, తప్పు చూపినవాడిది కాదు. ఒక నాయకుణ్ని గౌరవించడమంటే ఆయన ప్రతి వాక్యానికీ తల ఊపడం కాదు. యుద్ధకాలంలో స్త్రీలను భూగర్భ గనుల పనికి పంపే అనుమతి ఆయన కార్మిక సభ్యునిగా ఉన్నప్పుడే వచ్చింది, 1946లో ఆ నిషేధం మళ్లీ అమలైంది. అదీ చెప్పుకోవాలి. రాజ్యాంగ సభలో 1949 నవంబరు 25 నాటి ప్రసంగంలో, రాజకీయాలలో వ్యక్తిభక్తి నియంతృత్వానికి దారి తీస్తుందని ఆయనే హెచ్చరించారు. ఆయనను ప్రశ్నిస్తూ గౌరవించడమే ఆయన కోరుకున్న గౌరవం.

రెండవ అభ్యంతరం, 'జయంతులు జరపడం, విగ్రహాలకు దండలు వేయడం మన ధర్మం కాదు' అని. ఈ మాట అన్నవారి విశ్వాసాన్ని నేను గౌరవిస్తున్నాను. ఎవరినీ దండ వేయమని ఇక్కడ అడగడం లేదు. ఈ సభలో దీపం వెలిగించలేదు, పూలు చల్లలేదు. అయితే న్యాయం విషయంలో తనవారు, పరాయివారు అని చూడవద్దని, అది మనకే వ్యతిరేకమైనా నిలబడమని అన్నిసా సూరాలో మనకు ఆజ్ఞ ఉన్నది. దండ వేయకపోవడానికి మనకు కారణం ఉంది. న్యాయం కోసం పోరాడినవాని రోజున ఇంట్లో కూర్చోవడానికి కారణం లేదు.

సోదరులారా, పేరుకు గౌరవం ఇచ్చి పనిని తీసివేయడం ఎలా ఉంటుందో మనకు అనుభవమే. మౌలానా అబుల్ కలాం ఆజాద్ జన్మదినమైన నవంబరు 11ను 2008 నుండి జాతీయ విద్యా దినోత్సవంగా జరుపుతున్నారు. మన రాష్ట్రంలో అదే రోజు మైనారిటీల సంక్షేమ దినం కూడా. ఆ రోజు ఉపన్యాసాలుంటాయి, చిత్రపటముంటుంది. కాని మౌలానా పేరుమీద పరిశోధక విద్యార్థులకు ఇచ్చే జాతీయ ఫెలోషిప్‌ను 2022-23 నుండి కేంద్రం ఆపివేసింది. అదే సమయంలో ఒకటి నుండి ఎనిమిదో తరగతి వరకు మైనారిటీ పిల్లలకు ఇచ్చే ప్రీమెట్రిక్ ఉపకారవేతనం ఆగిపోయింది. మౌలానా ఆజాద్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్‌ను మూసివేయాలని 2024 ఫిబ్రవరిలో ఉత్తర్వు వచ్చింది. దినం మిగిలింది, దినుసు పోయింది. నవంబరు 11న కూడా సెలవు ఇవ్వాలని కొందరు మిత్రులు కోరుతున్నారు. నేను వద్దనను. కాని ఫెలోషిప్ లేని విద్యా దినోత్సవానికి సెలవు కలిపితే మౌలానాకు ఏం దక్కుతుంది? ముందు ఆ ఫెలోషిప్ తిరిగి తెమ్మని అడుగుదాం. ఆ అడగడానికి నవంబరు 11ను వాడుకుందాం.

ఏప్రిల్ 14 విషయంలోనూ ఇదే ప్రమాదం ఉంది. 2023 ఏప్రిల్ 14న హైదరాబాదులో 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం ఆవిష్కరించారు. సంతోషం. కాని 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడవ పేరా ఇంకా అలాగే ఉంది. హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్థుడు కాడన్నది ఆ పేరా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళిత ముస్లింలు, దళిత క్రైస్తవులు మాత్రం బయటే ఉన్నారు. మతం షరతు తొలగించాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే సిఫారసు చేసింది. 2022లో మరొక కమిషన్ వేశారు. పాకీపని చేసిన తాతకు పుట్టిన మనవడు ఏ దేవుణ్ని ప్రార్థిస్తాడన్న దానిని బట్టి అతని పేదరికం మారిపోతుందా? అలాగే 2017లో మన శాసనసభ ముస్లిం రిజర్వేషన్‌ను 12 శాతానికి పెంచుతూ బిల్లు ఆమోదించింది. అది అమలుకు రాలేదు. ఈ రెండు ప్రశ్నలనూ ప్రతి ఏప్రిల్ 14న, దళిత సంఘాల వేదికమీదనే, వారితో కలిసి అడగాలి. వారి వాటాలో మనం భాగం అడుగుతున్నామన్న అనుమానం వారిలో ఉంటే, దానిని కూడా దాచకుండా ఎదురెదురుగా కూర్చొని మాట్లాడుకోవాలి. మొత్తం వాటాను పెంచమని కలిసి అడగడం వేరు, ఒకరి పళ్లెంలో మరొకరు చేయి పెట్టడం వేరు.

మనకూ వారికీ మరొక తేదీ కూడా ఉంది. డిసెంబరు 6. 1956లో అంబేడ్కర్ కన్నుమూసిన రోజు. 1992లో బాబ్రీ మస్జిద్‌ను కూల్చిన రోజు. ఒకే తేదీన ఒక వీధిలో వారు, మరొక వీధిలో మనం, వేర్వేరుగా దుఃఖిస్తున్నాం. ఆ రెండు దుఃఖాలకూ ఓదార్పు ఒకే గ్రంథంలో ఉంది. అది రాజ్యాంగం. హక్కు పోయినవాడు నేరుగా సుప్రీంకోర్టు తలుపు తట్టవచ్చునన్న 32వ అధికరణను, రాజ్యాంగానికి ప్రాణమని అంబేడ్కర్ భావించింది అందుకే.

చివరగా, చేయవలసిన పని. ఏప్రిల్ నెల పరీక్షలు ముగిసి ప్రవేశాలకు సిద్ధమయ్యే కాలం. మన పిల్లలు సీటు పోగొట్టుకునేది ఎక్కువగా మార్కుల వల్ల కాదు, కాగితాల వల్ల. బి.సి.-ఈ కుల ధ్రువీకరణ పత్రం ఉండదు. ఆదాయ పత్రం గడువు దాటిపోతుంది. ఆధార్‌లో ఒక పేరు, పదవ తరగతి మెమోలో మరొక పేరు ఉంటుంది. షేక్ అన్న మాట ఒకచోట ముందు, ఒకచోట వెనుక పడి, ఇంకొకచోట కనిపించనే కనిపించదు. కౌన్సెలింగ్ నాడు తండ్రి షిఫ్టు వదులుకొని, మస్టరు పోగొట్టుకొని మీసేవ చుట్టూ తిరుగుతాడు. ఈ బాధ ఈ సభలో ఎందరికి తెలుసో మీ ముఖాలే చెబుతున్నాయి.

కనుక నా ప్రతిపాదన ఇది. ప్రతి ఏప్రిల్ 14న, కార్యాలయాలు మూసి ఉండే ఆ రోజున, మన చదువుకున్న యువతీయువకులు మస్జిద్ పక్కన ఒక షామియానా వేసి కూర్చోవాలి. ప్రతి ఇంటి కాగితాలూ చూడాలి. పేర్లలో తప్పులు రాసిపెట్టాలి. దరఖాస్తులు నింపాలి. ఓటరు జాబితాలో పేరుందో లేదో చూడాలి. అయిదో తరగతిలో చేరవలసిన పిల్లలకు మైనారిటీ గురుకులాల సంగతి చెప్పాలి. రాష్ట్రంలో అటువంటివి 204 ఏర్పడ్డాయి, వాటిలో మన సీట్లు మనం అడగాలి. కాంట్రాక్టు కార్మికుని ఇంటికి ముందుగా వెళ్లాలి, ఎందుకంటే అతనికి సెలవు దినమంటే కూలి పోయిన దినం. అక్కచెల్లెళ్ల కోసం అక్కచెల్లెళ్లే కూర్చునే బల్ల ఒకటి ఉండాలి. మన కాగితాలు చూసే చోట పక్క బస్తీ దళితుని కాగితాలు కూడా చూడాలి. మరునాడు ఉదయం కార్యాలయం తలుపు తెరిచేసరికి మన దరఖాస్తులు అక్కడ వరుసలో ఉండాలి.

1928లో పుణెలో కూడినవారికి సెలవు లేదు, ఉత్తర్వు లేదు. మనకు రెండూ ఉన్నాయి. వారు మిగిల్చిన పని మాత్రమే మన ముందుంది. వచ్చే ఏడాది ఈ రోజున ఊరేగింపు మన గుమ్మం ముందు నుండి వెళ్లినప్పుడు, పిల్లవాడు ఏమిటని అడిగితే, 'నీ ఫీజు కట్టించిన హక్కు రాసినవాని రోజు' అని చెప్పండి. వాని చేయి పట్టుకొని బయటికి రండి.

న్యాయం పక్షాన నిలబడే ధైర్యాన్నీ, మన లోపాలను ఒప్పుకునే నిజాయితీనీ అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్. సెలవు తీసుకుంటున్నాను. ఖుదా హాఫిజ్. జై భీమ్.